జలుబు గడ్డ

హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి ప్రియాంకతో ఇంగ్లీషులోనే మాట్లాడింది. గొంతు దగ్గర థైరాయిడ్‌లో ఉన్న గడ్డ కోల్డ్ నాడ్యూల్ అనీ, ఇట్లాంటివి చాలావరకు ప్రమాదం లేనివే అయినా కొన్ని మాలిగ్నెంట్ కావచ్చనీ, సూది పరీక్ష చేస్తేగానీ తేలదనీ చెప్పింది. మాలిగ్నెంట్ అంటే క్యాన్సరని ప్రియాంకకు తెలుసు. ప్రియాంక తల్లి పేరు అండాలు. పక్కనే కూర్చున్న ఆమె చెవిన పడింది ఒక్క మాటే. కోల్డ్.

"జలుబు గడ్డనా? గింతదానికి గంత పెద్ద మిషన్ల పండవెట్టిన్రా నన్ను!" అంది బయటికి రాగానే.

కాదమ్మా అనబోయి ప్రియాంక ఆగిపోయింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది తనొక్కతే. ఏ కాగితం వచ్చినా చదివి చెప్పేది తనే. ఇది మాత్రం నోటికి రాలేదు.

సూది పరీక్ష చేయించుకుని చౌటుప్పల్ చేరారు. మరునాటికి వాడంతా జలుబు సంగతే. పక్కింటి సత్తమ్మ మిరియాల కషాయం పట్టుకొచ్చింది.

"పొద్దుమాపు తడినూలు వట్టుకొని కూసుంటవు, సల్లవడక ఏమైతదే? ముక్కులకెల్లి కారాల్సింది గొంతుల గడ్డకట్టింది."

"గడ్డ సంగతేమో గానీ, నీ కషాయానికి పేగులు కాలుతున్నయే!"

నడి ఎండాకాలంలో మెడకు మఫ్లర్ చుట్టుకుని అండాలు మగ్గం మీద కూర్చుంటే చూసినవాళ్లంతా నవ్వారు. ప్రియాంకా నవ్వింది. మందుల కంపెనీ ల్యాబ్‌లో రోజంతా శాంపిళ్లు పరీక్షించే పిల్లకు, ఆ ఒక్క శాంపిల్ ఏమవుతుందోనని అన్నం సయించలేదు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ అండాలుతోనే తెలుగులో చెప్పింది. "క్యాన్సర్ కాదమ్మా. ఆపరేషన్ అక్కర్లేదు. అప్పుడప్పుడు వచ్చి చూపించుకోండి, చాలు."

"క్యాన్సరా? గా మాట ఎవరన్నరు?" అంటూ అండాలు బిడ్డ వైపు తిరిగింది. ప్రియాంక రెండు చేతులతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

వరండాలోకి రాగానే వీపు మీద ఒక్కటేసింది అండాలు. "నాకెందుకు చెప్పలే?"

"జలుబనుకొని నువ్వు నిమ్మళంగున్నవ్. ఎట్ల చెప్పాలెనే అమ్మా?"

"నేను నిమ్మళంగుంటానికి నువ్వొక్కదానివి సావాల్నా? పిచ్చిపిల్లా!" కొంగుతో బిడ్డ ముఖం తుడిచింది. "పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"లే."

"పా."

క్యాంటీన్‌లో పూరీలు వచ్చాయి. ప్రియాంక తింటూనే ఉంది. అండాలు తన పళ్లెంలోవీ అటే జరిపింది. ఇంతలో ఫోన్ మోగింది. సత్తమ్మ.

"ఆఁ సత్తమ్మా, జలుబు కాదంట. క్యాన్సర్ గూడ కాదంట. ...అవునే, గదే మాట. కాదనే చెప్పిన్రు, ఏడ్వకు. నా బిడ్డ తింటాంది, మల్ల మాట్లాడ్త."