మిరపకాయ పెట్టిన చోటు

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎల్లయ్య బడి వరండా ఎక్కాడు. ఎందుకొచ్చాడో రెండు నిమిషాల్లో మరిచిపోయాడు.

వరండా నేల మీద గూడెం మొత్తం పరిచి ఉంది. ఇళ్లకు అగ్గిపెట్టెలు పెట్టారు. వాగు ఒక పాత నీలం చీర పీలిక. బోరింగు ఒక సీసా మూత. చింతచెట్లున్న చోటల్లా చింతరెమ్మలు గుచ్చిన మట్టిముద్దలు. పదిహేడు మంది పిల్లలు గొంతుక్కూర్చుని అగ్గిపుల్లలతో బాటలు వేస్తున్నారు.

వాగు వంపు దగ్గర, వెదురు పొద వెనక, గుప్పెడు ఎండిన ఇప్పపూలు. వాటి నడుమ నిటారుగా ఒక ఎర్ర మిరపకాయ.

ఆ చోటు గూడెంలో ఎవరికీ తెలియదని ఎల్లయ్య పద్దెనిమిదేళ్లుగా నమ్ముతున్నాడు.

మనవరాలు అఖిలను రెక్క పట్టి పక్కకు లాగాడు. "గిదేంది బిడ్డా?"

"మంట తాత. నువ్వు సారా కాస్తవు గదా."

"మెల్లగ! ఎవలు పెట్టమన్నరు?"

"మేడం. కండ్లతోని చూసినయి పెట్టాలె, విన్నయి పెట్టొద్దన్నది. నేను చూసిన." అఖిల నాలుగో తరగతి. లెక్కంటే ప్రాణం. "బోరింగు కాడికెల్లి రెండొందల పన్నెండు అడుగులు. పది అడుగులకొక అగ్గిపుల్ల. రెండుసార్లు నడిచి చూసిన తాత, తప్పు రాదు."

"రేపు ఆఫీసరు వస్తుండంట గదనే!"

"వస్తుండు. మ్యాపు చూస్తడు."

నిజానికి ఆఫీసరు వస్తున్నది మ్యాపు కోసం కాదు.

ఆ బడికి రజని ఒక్కతే టీచరు. సొంతూరు కొడకండ్ల. కొత్తగూడలో గది తీసుకుని రోజూ స్కూటీ మీద అడవి దాటి వస్తుంది. ఆ ఏడు తల్లిదండ్రుల మీటింగు మూడుసార్లు పెట్టింది. మొదటిసారి ఇద్దరు వచ్చారు. రెండోసారి ఒకరు. మూడోసారి ఒక మేక. సంగతి మండల విద్యాధికారి వీరస్వామి దాకా వెళ్లింది.

"శుక్రవారం నేనే వస్తున్న" అన్నాడు ఫోనులో. "మీ పిల్లలవి పదకొండిళ్లు. అందులో ఆరిళ్ల పెద్దమనుషులన్నా వచ్చి, మా బడి మాకు కావాలని సంతకం పెట్టాలి. లేకపోతే వాగవతలి బడిలో కలపమని రాసేస్త."

వానాకాలం ఆ వాగు మూడు నెలలు ఎవరినీ దాటనివ్వదు. రజని పదకొండిళ్లూ తిరిగి బతిమాలింది. పదకొండిళ్ల వాళ్లూ "చూద్దాం తియ్యి మేడం" అన్నారు. ఆ మాటకు అర్థం రామని.

ఇప్పుడు ఎల్లయ్య ఆమె ముందు నిలబడి కండువా పిండుతున్నాడు.

"మేడం, మ్యాపుల జర తప్పు వడ్డది."

"ఏది?"

"గా... మిరపకాయ. అక్కడేం లేదు."

రజని ఎల్లయ్య మొహం చూసింది. మిరపకాయను చూసింది. బల్ల మీది మీటింగు రిజిస్టరు చూసింది. ఖాళీ పేజీ. ఆమె కళ్లలో ఏదో మెరిసింది.

"తప్పయితే రేపు పొద్దున పదింటికి మీటింగుల చెప్పు. ఎవలకు అభ్యంతరమున్నా గప్పుడే. ఇయ్యాల ఒక్క పుల్ల కూడ కదలదు."

"రాకుంటే?"

"ఒప్పుకున్నట్టే. ఆఫీసరుకు గట్లనే చూపిస్త."

మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ అండాలు పక్కనే వంట గంజు తోముతోంది. అడుగున చిల్లి పడిన పాత్ర అది. రోజూ పిండిముద్ద అతికించి వండుతుంది. మాట చెవిన పడగానే తోమడం ఆపింది. మూడు గంటలకల్లా గూడెం మొత్తానికి తెలిసిపోయింది: పిల్లలు ఊరిని ఉన్నదున్నట్టు గీశారు. అంతా గీశారు.

ముందు గట్టమ్మ వచ్చింది. తన ఇంటి అగ్గిపెట్టె వెనక కుప్పగా కోడిగుడ్డు పెంకులు.

"పక్కింటి స్వరూప కోడి గుడ్లను పాము తింటున్నది. నేను నెల దినాల సంది చెప్తనే ఉన్న. గీడ పామును పెట్టుండ్రి!"

"పామును చూసినవా అవ్వా?" అన్నారు పిల్లలు.

"చూసుడెందుకు? పాములుండయా?"

"విన్నయి పెట్టం అవ్వా."

తర్వాత పౌలు. పొద్దస్తమానం చేన్లో కలుపు తీస్తున్నానని భార్య సరోజకు చెప్పే మనిషి. మ్యాపులో అతని చేను పక్క మంచె మీద అగ్గిపుల్లలతో చక్కగా ఒక మంచం అల్లి ఉంది. మంచం మీద దూది దిండు కూడా.

"దిండు ఎందుకురా?" అన్నాడు పౌలు నీరసంగా.

"ఉన్నది గదా మామా!"

ఆ సాయంత్రం బడికి వచ్చినంత మంది పెద్దలు, ఆ బడి కట్టిన రోజు కూడా రాలేదు.

శుక్రవారం తెల్లవారుతుండగానే ఎల్లయ్య పని మొదలుపెట్టాడు. పథకం సులువు. మ్యాపు మారకపోతే ఊరినే మార్చాలి. వాగు వంపులో పొయ్యి దగ్గర తన సారా గంజు లేకపోతే మిరపకాయ అబద్ధమవుతుంది.

కానీ గంజు ఎక్కడ దాచాలి? పెద్ద గంజు. ఎనిమిది మందికి సరిపడే బియ్యం నానబెట్టినా అడుగు నిండదు. ఇంట్లో పెడదామంటే అఖిల. చేన్లో పెడదామంటే మిగిలిన పదహారు మంది. వాళ్లు అడుగులు కొలవని చోటంటూ ఈ గూడెంలో ఉందా?

ఉంది. వాళ్ల బడి. మొదటి రోజే గీసేశారు. మళ్లీ ఎవరూ కొలవరు.

సూర్యుడు పొడిచేసరికి గంజు బడి వెనక కట్టెల కొట్టంలో, తాటాకుల కింద ఉంది. ఎల్లయ్య చేతులు దులుపుకున్నాడు.

పదింబావుకు వీరస్వామి జీపు దిగి, ఊరు తప్పానేమోనని బోర్డు చూశాడు. వరండా కిందిదాకా జనం. పదకొండిళ్లకు పదకొండిళ్లూ వచ్చాయి. ముప్పై ఒక్కమంది. మేక కూడా వచ్చింది.

"ఏం చేసినవమ్మా?" అన్నాడు రజనితో.

"పాఠం చెప్పిన సార్."

వీరస్వామి మ్యాపు చుట్టూ ఒకసారి తిరిగాడు. గుడ్ల పెంకుల దగ్గర ఆగాడు.

"నిన్నటిదాకనే సార్," అంది గట్టమ్మ గబగబా. "ఇయ్యాల పొద్దుగాల స్వరూపకు డజను గుడ్లిచ్చిన."

"పాము ఇచ్చిందనుకున్న," అంది స్వరూప వెనక నుంచి.

మంచం మీద దిండు చూసి వీరస్వామి నోరు తెరిచే లోపే సరోజ అందుకుంది. "మా ఇంట్ల దిండు పోయి ఆర్నెల్లయింది సార్. గిప్పుడు దొరికింది." పౌలు మేకను నిమురుతూ నేల చూశాడు.

ఆఖరికి మిరపకాయ.

"ఇదేంటి?"

ఎల్లయ్య ముందుకొచ్చాడు. "అక్కడేం లేదు సార్. పోయి చూడుండ్రి."

"అవును సార్," అంది అఖిల. "లేదు."

ఎల్లయ్య ఊపిరి వదిలాడు.

"పొద్దుగాల మల్లొకసారి చూసొచ్చిన సార్. మూడు రాళ్లే ఉన్నయి." మిరపకాయ తీసింది. మూడు గులకరాళ్లు పెట్టింది. "రాళ్ల కాడికెల్లి బాట పొంట మసి రాలి ఉన్నది. మసి ఎంబడి నడుచుకుంట వచ్చిన. మూడొందల నలభై అడుగులు."

అగ్గిపుల్లలు లెక్కపెడుతూ మిరపకాయను వాగు దాకా, బోరింగు దాకా, చింతచెట్టు దాకా నడిపించింది. బడి అగ్గిపెట్టె వెనక నిలబెట్టింది.

"గిప్పుడు గీడున్నది."

రజనికి విషయం అర్థమైంది. బడి కొట్టంలో సారా గంజు! పదకొండు సంతకాలు కాదు, పదకొండు వందల సంతకాలున్నా ఇక ఈ బడి మిగలదు.

"బడిలో ఏముంది?" అన్నాడు వీరస్వామి.

"తాత గంజు సార్. దాంట్లె తాత..."

ముప్పై ఒక్కమంది ఊపిరి బిగపట్టారు. మేక కూడా నమలడం ఆపింది.

"వంటకు సార్!" ఎల్లయ్య కేక పెట్టాడు. "బడికిచ్చిన! అండాలు గంజుకు చిల్లి వడ్డది గదా. పిల్లల పప్పు సగం పొయిలనే పోతున్నది. గందుకే పొద్దుగాల్నే తెచ్చిపెట్టిన!"

"నిజమేనా పాపా?"

అఖిల తాతను చూసింది. "ఇచ్చినవా తాత? నిజంగ?"

"ఇచ్చిన బిడ్డా."

"మల్ల తీస్కపోవు గదా?"

వాగు వంపు, వెదురు పొద, పద్దెనిమిదేళ్లు ఎల్లయ్య కళ్ల ముందు తిరిగాయి. మనవరాలు కన్నార్పకుండా చూస్తోంది. మిరపకాయ ఇంకా ఆమె వేళ్ల కిందే ఉంది.

"తీస్కపోను."

"అయితే మ్యాపు కరెక్టే సార్," అంది అఖిల, వేళ్లు తీసేసి.

వీరస్వామి చప్పట్లు కొట్టాడు. రిజిస్టరు తెప్పించాడు. పదకొండిళ్ల వాళ్లూ వరసగా సంతకాలు పెట్టారు. ఎల్లయ్య వేలిముద్ర అందరికంటే గట్టిగా పడింది.

"ఇసుంటి దాతలు ఊరికొక్కరుంటే చాలు" అని వీరస్వామి తన భుజం మీది శాలువా తీసి అతనికి కప్పాడు. "గంజు మీద ఈయన పేరు చెక్కించండి మేడం."

అండాలు ఆ గంజును బూడిదతో మూడుసార్లు, చింతపండుతో రెండుసార్లు తోమింది. అయినా మూత తీసి వాసన చూసి, ఇంకోసారి తోమింది.

జీపు కదిలాక రజని బల్ల మీది సుద్దముక్క తీసుకుంది. "పిల్లలూ, గూడెం మ్యాపు అయిపోయింది. వచ్చే నెల పాఠం, మన ఇంటి లోపల ఏమేం ఉన్నయి."

గేటు దాకా వెళ్లిన ముప్పై ఒక్కమందీ ఆగిపోయారు.

శాలువాతో ఎల్లయ్య వెనక్కి వచ్చాడు. "మేడం, మీటింగు ఏ తారీకు? జర ముందుగాల్నే చెప్తే, ఒక గంట ముందే వస్తం."