సీటు జరిపిందెవరు

ఆదివారం పొద్దున్న కారు కడిగేది ఆయనేనని వీధిలో అందరి నమ్మకం. అందులో కొంత నిజం ఉంది. బకెట్లతో నీళ్లు తెచ్చేది, మ్యాట్లు తీసి గోడకేసి కొట్టేది, సీట్ల సందుల్లో ఇరుక్కున్న బిస్కెట్ ముక్కలు వేలితో పైకి లాగేది, అద్దాలు లోపలివైపు పాత పేపరుతో తుడిచేది ఆమె. అదంతా వీధి లేవకముందే అయిపోతుంది. ఎండ పడే వేళకి ఆయన పొడిబట్ట పట్టుకుని బయటికొచ్చి బానెట్ మీద మెరుపు తెప్పిస్తాడు. ఎదురింటి పెద్దాయన వరండాలోంచి చూసి, బండిని పెళ్లాంకన్నా బాగా చూసుకుంటావయ్యా అంటాడు. ఆయన నవ్వుతాడు. లోపల వెనక సీటు తుడుస్తూ ఆమె కూడా నవ్వుతుంది. ఎందుకు నవ్విందో తర్వాత గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

ఆ కారులో ఎవరి చోటు వాళ్లకుంది. ఆయన పక్కన అత్తగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పి, కాళ్లు చాపుకోవాలి. వెనక ఒక కిటికీ దగ్గర పిల్ల, ఇంకో కిటికీ దగ్గర ఆమె, మధ్యలో సంచులు. డ్రైవరు సీటును ఆమె బయట నిలబడి, తలుపులోంచి వంగి తుడుస్తుంది. దానిలో కూర్చోవచ్చని ఎప్పుడూ తోచలేదు. ఒకసారి కింద పడ్డ చిల్లర తీద్దామని సీటు కాస్త జరిపితే ఆయన వారం రోజులు నడుం పట్టుకుని తిరిగాడు. తన సెట్టింగు చెడగొట్టిందట. అది కుదరడానికి ఎంతకాలం పట్టిందో నీకేం తెలుసన్నాడు. అప్పట్నుంచి ఆమె ఆ సీటు కింది మీట జోలికి పోలేదు.

ఆమె మందుల దుకాణంలో బిల్లులు కొడుతుంది. ఆ కౌంటరు ఓనరుగారి నాన్న తన ఎత్తుకి కట్టించుకున్నది. ఆయన తాటిచెట్టంత మనిషట. కౌంటరు ఆమెకి గడ్డం దాకా వస్తుంది. అందుకని ఖాళీ చెక్కపెట్టె ఒకటి వేసుకుని నిలబడుతుంది. మందు తీయాలంటే పెట్టె దిగాలి, బిల్లు కొట్టాలంటే ఎక్కాలి. దిగినప్పుడు ఎవరైనా వస్తే ఓనరు, "మా అమ్మాయి అక్కడే ఉంది, వెతుక్కోండి" అంటాడు. వచ్చినవాళ్లు ఒళ్లు బాగాలేకపోయినా నవ్వుతారు. సాయంత్రానికి పిక్కలు రాళ్లవుతాయి. కౌంటరు తగ్గించమని అడగొచ్చని ఆమెకి తట్టలేదు. పొట్టిగా ఉన్నది తను. తప్పు కౌంటరుదెలా అవుతుంది?

కారులో బెల్టు సంగతి కూడా అలాగే సర్దుకుంది. అది భుజం మీద ఆగదు, మెడకి ఒరుసుకుంటుంది. అందుకని చంక కిందనుంచి వేసుకునేది. ఒకరోజు సందు మలుపులో కుక్క అడ్డం వస్తే ఆయన బ్రేకు గట్టిగా తొక్కాడు. పక్కటెముకల్లో కర్రతో కొట్టినట్టయింది. ఆయన పక్కకి తిరిగి, నీకేం కాలేదుగా అమ్మా అని అత్తగారిని అడిగాడు. తర్వాత వెనక్కి తిరిగి, గుడ్లు పగిలాయేమో చూడమన్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి సంచి విప్పి చూసింది. కొన్ని పగిలాయని చెప్పింది. గుడ్లు ఒళ్లో పెట్టుకోవాల్సిందన్నారు అత్తగారు.

ఆ మర్నాడు బట్టలు మార్చుకుంటుంటే కమిలిన చోటు పిల్ల కంట పడింది. బీరువా తలుపు తగిలిందని చెప్పింది ఆమె.

"తలుపు ఇంత ఏటవాలుగా తగలదమ్మా" అంది పిల్ల.

ఆ పిల్లకి పదహారేళ్లు. సంతోషమొచ్చినా కార్లే, కోపమొచ్చినా కార్లే. వీధిలో పోయే బండి చప్పుడు విని, తల తిప్పకుండానే అది ఏ కారో చెబుతుంది. పుస్తకాల అట్టల నిండా తలుపులు, చక్రాలు, ముక్కులూ గీస్తుంది. ఇంట్లో దాని పేరు మెకానిక్కు. దీన్ని చూడాలని ఎవరైనా వస్తే కారు కిందనుంచి కాళ్లే కనబడతాయి, మొహం కోసం వంగి చూసుకోవాలి అంటారు అత్తగారు. ఆ మాటకి అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా.

బళ్లో డ్రాయింగు మాస్టారు ఒకరోజు ఇంటికే వచ్చాడు. కారంటే రెంచీ, గ్రీజూ ఒకటే కాదని నచ్చజెప్పాడు. కొత్త కారు పుట్టకముందు దాని ఒళ్లు మట్టితో చేసేవాళ్లుంటారు. గోడకి గుద్దించి లోపలి మనిషికి ఎంత దెబ్బ తగిలిందో లెక్కగట్టేవాళ్లుంటారు. ముందు ముందు జనం ఏ రంగు కోరతారో ఇప్పుడే ఊహించేవాళ్లు, మనుషులు ఎలా కూర్చుంటారో చూసి సీట్లు చేసేవాళ్లు, లోపల ఎక్కడ కిర్రుమంటోందో చెవి పెట్టి కనిపెట్టేవాళ్లు ఉంటారు. వాటన్నిటికీ చదువులున్నాయి.

"వినడానికి కూడా జీతమిస్తారా మాస్టారూ? మా అమ్మ పొద్దస్తమానం వింటుంది, పైసా రాదు" అన్నాడు ఆయన.

మాస్టారు నవ్వి, ఆమె వైపు తిరిగి, మీరేమంటారమ్మా అని అడిగాడు. ఆమె చేతిలో ఖాళీ కప్పులున్నాయి. ఆయన్నడగండి అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. గుమ్మం పక్కన నిలబడ్డ పిల్ల, అమ్మకి దారి ఇస్తూ పక్కకి తప్పుకుంది. అంతే. అయినా ఆ తప్పుకోవడం చాలా రోజులు ఆమె కళ్లలోంచి పోలేదు.

ఆ చదువు చెప్పే కాలేజీవాళ్లు బడికే వచ్చి పిల్లల్ని ఎంచుకుంటారు. ఇంట్లో ఒక మనిషికి కారులో ఉన్న ఇబ్బంది కనిపెట్టి, దానికి ఏదైనా తయారుచేసి చూపించాలి. ఆదివారం మధ్యాహ్నం ఆయన, అత్తగారు నిద్రపోతున్నప్పుడు పిల్ల కొలిచే టేపు పట్టుకుని వచ్చింది. రా, డ్రైవరు సీట్లో కూర్చో అంది. ఆమె అటూ ఇటూ చూసింది. వాకిట్లో ఆరేసిన బట్టలు తప్ప ఎవరూ లేరు. కూర్చుంటే ముందు స్టీరింగే కనబడింది, దాని పైన కాస్త ఆకాశం. పాదాలు ఒక్క పెడలుకీ అందలేదు.

"కార్లని గోడకి గుద్దించేటప్పుడు లోపల బొమ్మల్ని కూర్చోబెడతారమ్మా. చాలాకాలం ఆ బొమ్మలన్నీ మగవాళ్ల కొలతలే. నీలాంటి మనిషి వాటిలో లేదు."

"నన్ను గోడకి గుద్దించడం దేనికే, మీ నాన్న బ్రేకు చాలదూ" అంది ఆమె. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

పిల్ల మీట లాగి సీటు ముందుకి జరిపింది. ఇంకాస్త అంది. ఈసారి ఆమే, తన చేత్తో మీట లాగి, మడమలు ఆనించి ముందుకి జరిగింది. పాదం బ్రేకు మీద ఆనింది. తల ఎత్తితే గేటు, గేటు అవతల వీధి, వీధి చివర మలుపు. ఇన్నేళ్లుగా ఈ వీధిని ఆమె పక్క కిటికీలోంచి ముక్కలు ముక్కలుగా చూసింది. పిల్ల తొడ పొడవు, నడుము, తుంటి కొలుస్తుంటే ఒళ్లు ముడుచుకుపోయింది. పిల్లని కన్నాక ఆ ఒంటిని ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. అంకెలు గట్టిగా చదవకు అంది. అవి నావని ఎక్కడా చెప్పకు అని కూడా అంది. లోపల అత్తగారు దగ్గారు. ఇద్దరూ గబగబా దిగి తలుపు మూసేశారు.

సీటు వెనక్కి నెట్టడం మరిచిపోయారు.

సోమవారం ఆయన ఆఫీసుకి బయల్దేరి కారులో కూర్చోబోయి మోకాలు కొట్టుకున్నాడు. నా సీటు జరిపిందెవరు అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఆమె ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడే ఉంది. పిల్ల సైకిలు తీస్తోంది. నేనే అంటే సరిపోయేది. ఎందుకు కూర్చున్నావంటాడు. ఎక్కడికి నడుపుదామని అంటాడు. అత్తగారు వింటారు. సాయంత్రం దాకా అదే మాట, రాత్రి అన్నంలోకీ అదే మాట. ఇవన్నీ డబ్బా మూత బిగించేంత సేపట్లో ఆమె తలలో తిరిగాయి.

"పిల్ల ఆడినట్టుందండీ" అంది.

పిల్ల సైకిలు పట్టుకుని ఆగింది. అమ్మని చూసింది. ఔను నాన్నా, నేనే అంది. ఇకనుంచి కారు ముట్టుకున్నావంటే చూడు, ఆ కాలేజీ మాట కూడా ఎత్తకు అన్నాడు ఆయన. ఆ రోజు దుకాణంలో ఆమె ఒకే బిల్లు రెండుసార్లు కొట్టింది. ఎవరూ వెతక్కుండానే తను కనబడకుండా పోతే బాగుండుననిపించింది. సాయంత్రం పిల్ల గిన్నెలు తుడుస్తూ, "నీ పేరు ఎక్కడా చెప్పను లేమ్మా" అంది. కోపంగా అంటే ఆమె తట్టుకునేది. పిల్ల నెమ్మదిగా, పెద్దదానిలా, ఆమె పరువు కాస్తున్నట్టు అంది.

పిల్ల బళ్లోనే చెక్కముక్కలూ పరుపుముక్కలూ అతికి తన పని చేసుకుంది. కాలేజీవాళ్లు వచ్చిన రోజు మాస్టారు ఫోన్ చేసి మరీ పిలిచాడు. మొహమాటానికి ఆయన బయల్దేరాడు, ఆమెనీ రమ్మన్నాడు. బడి హాల్లో బల్లల మీద పిల్లలు చేసినవి వరసగా ఉన్నాయి. ఒక మూల నేల మీద బూడిదరంగు గుడ్డ తొడిగిన సీటు. దానికి బెల్టు కూడా ఉంది, ఎత్తు మార్చుకునేలా. ఆయన చూసి, ఏదీ మా మెకానిక్కు పనితనం అంటూ వెళ్లి కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డం దగ్గరికొచ్చాయి. తుంటి ఇరుక్కుంది. లేవడానికి మాస్టారు చెయ్యి ఇవ్వాల్సొచ్చింది. ఇది మనుషుల కోసమేనా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఆమె నవ్వలేదు.

కాలేజీనుంచి వచ్చిన మేడం వంగి సీటు అడుగుభాగం, బెల్టు కట్టు చాలాసేపు చూసింది. బాగా ఆలోచించి చేశావు, ఎవరి కోసం అని అడిగింది. తల్లి వైపు చూడకుండా ఉండటానికి పిల్ల కష్టపడటం ఆమెకి తెలుస్తూనే ఉంది.

"ఎవరూ లేరు మేడం. ఊరికే ఒక అంచనా."

మనిషి లేకుండా అంచనాకి చేసినదాన్ని తీసుకోలేమమ్మా అంది మేడం, నొచ్చుకున్నట్టే. పక్క బల్ల వైపు అడుగేసింది.

ఆమె చుట్టూ చూసింది. హాలు నిండా తల్లులు, తండ్రులు, మాస్టార్లు. తన తుంటి, తన పొట్టికాళ్లు ఇంతమంది ముందు. అయినా వెళ్లి ఆ సీట్లో కూర్చుంది. పాదాలు రెండూ నేలకి ఆనాయి. బెల్టు లాగి పెట్టుకుంటే అది భుజం మధ్యలో నిలిచింది, మెడ జోలికి రాలేదు. అందరూ చూస్తున్నారు. సిగ్గు పోలేదు. సిగ్గుతోనే కూర్చుంది.

"నా కోసమండీ" అంది.

మేడం వెనక్కి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చుంది. ఇబ్బందేమిటని అడిగింది. బెల్టు ఎక్కడ ఒరుసుకునేదో ఆమె వేలితో చూపించింది. చంక కింద వేసుకోవడం, బ్రేకు, కమిలిన చోటు, అన్నీ చెప్పింది. ఆ సంగతి ఆయన మొదటిసారి వింటున్నాడు. ఆయన మొహం చూడకుండా చెప్పింది. మేడం లేచి ఆయన వైపు తిరిగి, అమ్మాయిని మా దగ్గరికి పంపడానికి ఇంట్లో ఇష్టమేనా అని అడిగింది.

"చెప్పిన మాట వినదండీ. ఆ మధ్య నా సీటు ముందుకి లాగేసి మోకాలు పగలగొట్టింది. ఇలాంటిదాన్ని నమ్మి ఎక్కడికి పంపుతాం?" అన్నాడు ఆయన, సగం నవ్వుతూ. తర్వాత గొంతు తగ్గించి ఆమెతో, "లే ఇక. అందరూ చూస్తున్నారు" అన్నాడు.

ఆమె లేవలేదు.

"సీటు జరిపింది పిల్ల కాదండీ, నేను. కూర్చుని చూశాను. వీధి చివరిదాకా కనబడింది."

హాల్లో ఎవరో కుర్చీ లాగిన చప్పుడైంది. పిల్ల రెండు చేతులతో తను చేసిన సీటు అంచు పట్టుకుని నిలబడింది. మేడం ఈసారి ఆయన్ని కాక ఆమెనే అడిగింది, పంపిస్తారా అని.

"పంపిస్తానండీ" అంది ఆమె, కూర్చునే.