గంగలో మనిషి ఉండగా

మా ఇంటి కింద భాగంలో నా దుకాణం. కొబ్బరికాయలు, పువ్వులు, పూజ సామాను అమ్ముతాను. పైన మేడ మీది గదిలో ఆఫీసు ఉంది, గోడకి చమురు బావుల లెక్కల ఆఫీసని బోర్డు ఉంటుంది. అరసవల్లి గుడి దగ్గర ఆటో దిగినవాళ్ళు ఆ బోర్డు చదివి, "ఇక్కడ పెట్రోలు అమ్ముతారా?" అని నన్ను అడుగుతుంటారు. లేదండీ అంటాను. మరేం అమ్ముతారంటే మాత్రం జవాబు చెప్పడానికి నాకు కొంత సేపు పడుతుంది.

ఆ గదిలో పనిచేసేది నా భార్య పద్మకుమారి, ఆమె గురువు జగన్నాధంగారు. ఆయన చమురు కంపెనీల్లో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక సొంత ఊరు వచ్చి ఈ ఆఫీసు పెట్టారు. చమురు కోసం బావి తవ్వే ముందు, భూమి లోపల నీళ్ళూ గ్యాసూ ఎంత ఒత్తిడితో ఉన్నాయో, ఏ లోతులో ఆ ఒత్తిడి పెరుగుతుందో లెక్కగట్టి కంపెనీలకు చెబుతారు. అదొక్కటే వాళ్ళ పని. చమురు ఉందో లేదో వాళ్ళు చెప్పరు.

నేను ఇంటరు వరకే చదివాను. అందుకని పద్మ నన్ను నౌపడ ఉప్పుమడుల దగ్గరికి తీసుకుపోయి చెప్పింది. ఎండకి ఎండి గట్టిగా కనబడే మడిలో కాలు వేస్తే ఒక్కోచోట పిక్కల దాకా దిగిపోతుంది. పై పొర తొందరగా బిగుసుకుపోయి, కింది నీరు బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోతుంది. సముద్రం అడుగున కూడా అంతేనట, కాకపోతే అక్కడ ఆ నీటి నెత్తిన కొండంత మట్టి కూర్చుని ఉంటుంది. అలాంటి చోట బావి పొడిస్తే లోపలిది పైకి తన్నుకొస్తుంది, బావి తన్నడమంటే అదే. రాకుండా బావి నిండా బరువైన బురద పోసి అదిమి పెడతారు. బరువు మరీ ఎక్కువైతే పైనున్న మెత్తటి రాయి పగులుతుంది. కాబట్టి ఒత్తిడి పెరిగే చోటు ఇంకా రాకముందే ఆగాలి. అప్పటిదాకా తవ్విన బావిలోకి ఇనప గొట్టం దించి, చుట్టూ సిమెంటు పోసి, ఆ తరువాతే బురద బరువు పెంచి కిందికి పోవాలి. ఎక్కడ ఆగాలో చెప్పడమే పద్మ విద్య.

తిత్లీ తుఫానుకి ముందటి ఏడాది వేసవిలో జరిగిందిది. కాకినాడ అవతల సముద్రంలో ఒక కంపెనీ బావి తవ్వుతోంది. కంపెనీవాళ్ళ లెక్క ప్రకారం గొట్టం దించాల్సిన చోటు ఇంకా చాలా కింద ఉంది. పద్మ లెక్కలో అది బాగా పైకి వచ్చింది. ఆ మాటే రిపోర్టులో రాసి పంపింది. శనివారం సాయంత్రం స్పీకరు ఫోన్లో మీటింగు. జగన్నాధంగారికి కంటి ఆపరేషను అయింది. నల్లద్దాలు పెట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్నారు. మాట్లాడాల్సింది పద్మే. టీ ఇవ్వడానికి వెళ్ళి నేనూ గుమ్మంలో ఉండిపోయాను.

"ఒత్తిడి కొంచెం ముందే పెరిగే అవకాశం కనిపిస్తోంది సార్. గమనించుకుంటే మంచిది," అంది పద్మ.

"గమనిస్తాం," అన్నారు అవతల నుంచి ధనరాజ్‌గారు. బావి తవ్వకానికి పెద్ద ఆయనే. "అయితే మా పాత లోతు దాకా వెళ్ళిపోతున్నాం."

ఫోను పెట్టేశాక జగన్నాధంగారు నెమ్మదిగా అడిగారు. "ఏటమ్మా, ఇక్కడ ఆగకపోతే బావి తన్నుతుందని రాసేవు. నోటితో గమనించుకోమన్నావు. రిపోర్టు అందరూ సదవరు. మాట అందరూ వింటారు."

"ఎల్లాజీ ఆ రిగ్గు మీదే ఉన్నాడండి. మొన్ననే మార్చేరట," అంది పద్మ.

ఎల్లాజీ పద్మ తమ్ముడు. సముద్రం మీద బావి తవ్వే ఆ రిగ్గు వేదిక మీద గొట్టాలు ఎత్తడం, దించడం వాడి పని. జగన్నాధంగారికి అది అర్థమైంది గాని, దానికీ మాట మింగడానికీ సంబంధం తెలియలేదు. నాకు తెలిసింది. మాది గంగను, అంటే సముద్రాన్ని, నమ్ముకున్న కులం. మా అత్త దానమ్మది భావనపాడు. మనిషి గంగలో ఉండగా ఇంట్లో చెడు మాట పలకకూడదు. మునగడం, తిరగబడడం అన్న మాటలే రాకూడదు. చిన్నప్పుడు పద్మ "పడవింకా రాలేదేటి?" అన్నందుకు అత్త చేతిలో దెబ్బ తింది. అంత చదివినా, ఆ దెబ్బ వీపు మీద ఉండిపోయిందేమో. తమ్ముడు నీళ్ళ మీద ఉండగా, తన్నుతుందన్న మాట ఆమె నోరు దాటలేదు.

మరునాడు ఆదివారం, సూర్యుడి వారం. గుడికి వెళ్ళాను. ఏం అడగాలో తెలియకుండా స్వామి ముందు నిలబడడం నాకదే మొదటిసారి. పద్మ లెక్క నిజం చెయ్యమని మొక్కితే బావి తన్నాలని మొక్కినట్టు. తప్పు కావాలని మొక్కితే, వాళ్ళ మాట ఇక ఏ కంపెనీ వింటుంది? పైగా, నేను మొక్కినంతమాత్రాన సముద్రం కింద ఎప్పుడో ఇరుక్కున్న నీరు మారుతుందా? పెద్దలు చెప్పింది కొట్టిపారేసేవాణ్ణి కాను. కానీ తుఫాను వస్తుందని రేడియో చెబితే, ఆ తుఫానుని రేడియో తెచ్చినట్టా? పూజారి హారతి ఇచ్చి, పక్కకి జరగమన్నాడు. ఏమీ అడక్కుండానే జరిగాను.

ఇంటికి వచ్చేసరికి అత్త మెట్ల మీద కూర్చుని మునగాకు దూస్తోంది. మమ్మల్ని చూసి పోదామని వచ్చింది.

"ఆదివారం సేప ముట్టరు. ఏం ఊరురా ఇది," అంది. "మీ మావ ఉంటే ఇక్కడ ఒక పూట ఆగీవోడు కాదు."

పక్కన కూర్చున్నాను. "అత్తా, ఒక మాట అడుగుతాను. నువ్వు ఒడ్డు మీద నిలబడ్డావు. పడవొస్తన్నాది. ఎనక పెద్ద కెరటం లేస్తన్నాది. ఊరుకుంటావా?"

"ఊరుకుంటానేటి? కొంగు ఇసిరి కేకేస్తాను."

"ఏటని?"

"ఆగండొరే, తన్నేస్తాది అని."

"మరి అది సెడు మాట కాదా?"

ఆకు దూసే చెయ్యి ఆగింది. "దానికీ దీనికీ ముడెట్టకు. సెడు మాటంటే ఇంట్లో కూకుని అనీది. ఒడ్డు మీద నిలబడి అనీది కేక." మేడ వైపు చూసింది. "ఏటి, దానికి కెరటం కనపడిందా?"

నిన్నటి సంగతి చెప్పాను. సాయంత్రానికల్లా తవ్వకం పద్మ చెప్పిన లోతు దాటిపోతుందని కూడా చెప్పాను. అత్త ఆకు జల్లెడ పక్కకి నెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ మేడెక్కింది, వెనకే నేనూ. ఆఫీసులో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. పద్మా, జగన్నాధంగారూ లోపలే ఉన్నారు.

"ఒసే, తమ్ముడున్నాడని నోరు మూసుకున్నావా? ఆడున్నాడనే కదే అరవాల."

"నువ్వే కదే అనకూడదన్నావు," అంది పద్మ.

"నేను సెప్పినవన్నీ ఇన్నావేటి? ఈడిని సేసుకో అంటే మూడేళ్ళు తిప్పేవు. ఫోన్ సెయ్."

పద్మ చేసింది. లేచి నిలబడి మాట్లాడింది.

"ధనరాజ్‌గారూ, నిన్న నేను సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆగకుండా మీ లోతు దాకా వెళ్తే బావి తన్నుతుంది. గ్యాసు పైకి వస్తుంది. మనుషులు పోతారు."

"మీ తమ్ముడు రిగ్గు మీద ఉన్నాడట కదా. భయపడి మాట్లాడుతున్నారా?"

"లెక్క వేసేటప్పటికి వాడు అక్కడ లేడు సార్. లోతుకి పోయేకొద్దీ రాయి బిగుస్తుంది, సర్వేలో పంపిన ధ్వని దానిలో వేగంగా పోవాలి. ఇక్కడ నెమ్మదించింది. నీరు ఇరుక్కుంటేనే అలా ఉంటుంది."

"ఆపి గొట్టం దించాక ఒత్తిడి రాకపోతే?"

పద్మ జగన్నాధంగారి వైపు చూసింది. ఆయన తల ఊపారు.

"రాకపోతే మళ్ళీ మమ్మల్ని పిలవకండి సార్."

తవ్వకం ఆపారు. గొట్టం దించే పనికి చాలా రోజులు పట్టింది. మధ్యలో ఎల్లాజీ నాకు ఫోన్ చేశాడు.

"బావా, నడుం పోయింది. మోసిన గొట్టమే మళ్ళీ మోస్తన్నట్టుంది. ఎవుడో శీకాకులం నుంచి ఆపమన్నాడంట. ఆడు కనపడితే ఉన్నాది నా సేతిలో."

"ఆడు కాదురా, ఆవిడ. మీ అక్క."

"నేనిలాగన్నానని అక్కకి సెప్పకు బావా," అని పెట్టేశాడు.

మళ్ళీ తవ్వడం మొదలైంది. పద్మ చెప్పిన లోతు వచ్చింది. ఏమీ జరగలేదు. ఇంకా కిందికి పోయారు. అక్కడా ఏమీ లేదు. పద్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. జగన్నాధంగారు ఆమెను ఒక్క మాట అడగలేదు. అత్త భావనపాడు వెళ్ళిపోకుండా ఉండిపోయింది. నేను దుకాణంలో కొబ్బరికాయలు ఇస్తూ, మేడ మీద అడుగుల చప్పుడు వింటూ కూర్చునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ధనరాజ్‌గారే ఫోన్ చేశారు. పైకి వచ్చే బురదలో గ్యాసు ఒక్కసారిగా పెరిగిందట. బావి తన్నబోయింది. గొట్టం అప్పటికే బిగించి ఉంది కాబట్టి భయం లేకుండా బురద బరువు పెంచారు, ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

"మీరు చెప్పిన దానికంటే కిందికి వచ్చింది," అన్నారాయన.

"అవును సార్. నా లెక్క అంత మేరకు తప్పింది," అంది పద్మ.

"మా లెక్కే పట్టుకుని పోయి ఉంటే, గొట్టం లేకుండానే దాని మీద పడేవాళ్ళం." అన్నారాయన. "వచ్చే నెల ఇంకో బావి ఉంది. ఆ లెక్కా మీరే చూడండి."

పద్మ ఫోను పెట్టి కుర్చీలో కూలబడింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. తీరా చూస్తే, ఒత్తిడి అంత కిందికి ఎందుకు దిగిందో చూడ్డానికి కంప్యూటర్లో పాత లెక్కల గీతలు మళ్ళీ తెరుస్తోంది. జగన్నాధంగారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.

కొత్త బావి మీటింగు నాటికి అత్త ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆఫీసు గుమ్మంలో చాప వేసుకుని కూర్చుంది.

"ముందు ఎక్కడ ప్రమాదమో చెప్పండి. మిగతాది తరువాత," అన్నారు ధనరాజ్‌గారు.

పద్మ గొంతు సవరించుకుని లోతు చెప్పింది. "ఇక్కడ తన్నుతుంది సార్. కొంచెం అటూ ఇటూ కావచ్చు. కానీ ముందే ఆగాలి."

"గట్టిగా సెప్పవే," అంది అత్త వెనక నుంచి. "అంత దూరం ఇనపడాల."