మేమా, మనమా

అది మార్చి పధ్నాలుగు, గురువారం. విదేశాంగ శాఖ విందులో ఆ సాయంత్రం గుమ్మడికాయ సూపు, కాల్చిన చేప, నిమ్మకాయ కేకు వడ్డించారు. దుబాసి మాత్రం ముందే వరండాలో నిలబడి రెండు అరటిపళ్లు తినేసింది. నోట్లో ముద్ద పెట్టుకుని ఒకరి మాట ఇంకొకరికి చెప్పడం కుదరదు కదా!

బల్లకు ఒక పక్క ఏటి అవతలి దేశపు రాయబారి. ఇంకో పక్క సముద్రాలు దాటి వచ్చిన దూరదేశపు రాయబారి. మధ్యలో మంత్రిగారు, అలిగిన వియ్యంకుల మధ్య ఇరుక్కున్న పెళ్లిపెద్దలా చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు. దూరదేశపు యుద్ధనౌక రేవులోకి వచ్చిన దగ్గర్నుంచి ఏటి అవతలివాళ్లు ముఖం మాడ్చుకుని వంతెన మూసేశారు. ఓడను వద్దంటే కష్టంలో ఆదుకున్న స్నేహితుడికి కోపం, రమ్మంటే పొరుగువాడికి కోపం.

ఆ వంతెన అవతలే దుబాసి అక్క కాపురం. ముందురోజే ఫోన్ చేసింది.

"ఏమే, మీ పెద్దవాళ్లంతా కలిసి భోంచేస్తారటగా. తిని చేతులు కడుక్కుని పోకుండా ఆ వంతెన కాస్త తీయించు. నీ ముఖం చూసి ఏడాది దాటింది."

"నేను మాటలు మోసేదాన్నే అక్కా, మంత్రిని కాదు."

"మోసేటప్పుడు మా వైపు కాస్త ఒలకబోయవే!"

ఏటికి అటూ ఇటూ భాష ఒకటే. దుబాసి అవసరం దూరదేశపాయనకే. విందు సగంలో ఆయన గ్లాసెత్తి తన భాషలో ఒక వాక్యం అన్నారు. దుబాసి టక్కున చెప్పేసింది: "ఈ సముద్రాన్ని మనం కాపాడుకుంటాం."

అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన భాషలో మేము అన్నా మనం అన్నా ఒకటే మాట. అనుమానం వస్తే ఎవరెవరని అడిగి చెప్పాలి. ఆమె అడగలేదు.

పొరుగు రాయబారి చెంచా కింద పెట్టారు. "మనమా? మమ్మల్నీ కలుపుకునే అన్నారా, నోరు జారారా?"

"అమ్మా..." అన్నారు మంత్రిగారు, ఎలాగోలా సర్దెయ్యి తల్లీ అన్నట్టు.

సర్దెయ్యొచ్చు. అవునంటే చాలు, అక్క వచ్చేస్తుంది. కానీ ఆయన అనని మాట ఆయన నోట్లో పెడితే, అది బయటపడిన రోజున ఆ వంతెన మరి తెరుచుకోదు.

"తప్పు నాదండీ. అడక్కుండా చెప్పాను. ఇప్పుడు అడుగుతాను," అంది దుబాసి. దూరదేశపాయనకు విషయం విప్పి చెప్పింది: మా భాషలో వినేవాళ్లను కలుపుకునే మాట ఒకటి, బయట ఉంచే మాట ఒకటి. మీది ఏది?

ఆయన కళ్లు పెద్దవి చేశారు. "రెండున్నాయా! ఇన్నేళ్లుగా మీ ఉప్పు తింటున్నాను, ఒక్కరూ చెప్పలేదే!" కాసేపు గ్లాసు తిప్పుతూ ఆలోచించారు. "నిజానికి నా మనసులో ఉన్నది బయట ఉంచేదే. కానీ ఈమె అన్నదే బాగుంది. దాన్నే ఉంచండి."

దుబాసి అంతా చెప్పింది, బయట ఉంచేదే అన్న మాటతో సహా.

పొరుగు రాయబారి ఆయన వైపు తేరిపార చూశారు. చివరికి నవ్వారు. "ఒప్పుకున్నారు కాబట్టి నమ్ముతాను. అయితే ఆ ఓడ ఎక్కడానికి నన్నూ పిలవాలి మరి."

"పిలుస్తాం, పిలుస్తాం! ముందు కేకు తీసుకోండి," అన్నారు మంత్రిగారు, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

పొరుగు రాయబారి ఓడ చూసి వెళ్లాక వంతెన తెరిచారు. బళ్లకు కాదు, నడిచి వచ్చేవాళ్లకే. అదీ సంచులన్నీ వెతికాక. అక్క రుసరుసలాడుతూ దుబాసి ఇంటికి వచ్చింది.

"నా చీర మడతలన్నీ విప్పి చూశారే! ఇంతకీ నీ ఉద్యోగం ఉందా, ఊడిందా?"

"ఉంది. ఇకమీదట అడక్కుండా నోరు విప్పొద్దని గట్టిగా చీవాట్లు పెట్టారు."

"పెట్టనీ. నేను వచ్చానుగా," అంటూ అక్క మంచమెక్కి, అత్తగారి మీద ఫిర్యాదులు మొదలుపెట్టి, మూడోది సగంలో ఉండగానే నిద్రపోయింది.

దుబాసి దుప్పటి కప్పి, దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.