పడవలో రెండో బల్ల

“నువ్వేమీ చెయ్యనక్కర్లేదు. వంటొక్కటి చూసుకుంటే చాలు,” అన్నారు మావారు, మురికినీళ్ళు తోడే బకెట్టు పైనుంచి నా చేతికి అందిస్తూ.

అప్పటికి నేను ముప్పై అడుగుల పాత తెరచాప పడవ అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, ఏళ్ళ తరబడి గడ్డకట్టిన ఉప్పునీ చేపపొలుసులనీ ఇనుపపీచుతో గీకుతున్నాను. ఆయన పైన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పడవలో కాపురముండే ఎవరో విదేశీ దంపతుల వీడియో చూస్తున్నారు. “చూడు, ఆవిడ ఎంత నవ్వుతూ చేస్తోందో,” అని ఫోను నా వైపు తిప్పారు కూడా.

మావారు యలమందరావు గారు నలభై ఏళ్ళపాటు గుంటూరు మిర్చియార్డులో కమీషన్ వ్యాపారం చేశారు. అది మానుకున్నాక ఒళ్ళు పెరిగిందని బ్రాడీపేట డాక్టరు రోజూ గంటసేపు నడవమంటే, ఆయన పడవ కొన్నారు. ఒకప్పుడు ఉప్పు మోసి, తర్వాత నిజాంపట్నం దగ్గర ఏటి ఒడ్డున ఎండుతూ పడి ఉన్న పడవ. దాన్ని బాగుచేసుకుని చలికాలమంతా అందులోనే ఉందామన్నారు. ఆ “ఉందాం”లో ఎవరెవరున్నారో అప్పుడు చెప్పలేదు.

అన్యాయం కంటపడితే ఊరుకునే స్వభావం కాదు నాది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆడపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఈ పిచ్చిపనికి ఆరంభంలోనే అడ్డం పడవలసింది. పడలేదు. కారణం ఒక్కటే. పడవ చూడటానికి వెళ్ళిన రోజున దాని లోపలి గదిలోకి తొంగిచూస్తే, రెండు గోడల వారగా అటొకటి ఇటొకటి, మనిషి పడుకునే వెడల్పున రెండు చెక్కబల్లలు కనిపించాయి. ఆయన కుడివైపుదాన్ని అరచేత్తో చరిచి “ఇది నాది” అన్నారు. ఎడమవైపుది ఎవరిదని నేను అడగలేదు. ఉన్నది ఇద్దరమేగా.

నాదని చెప్పుకోగల మంచం నాకు చివరిసారిగా ఉన్నది కాన్వెంటు హాస్టల్లో. సిస్టర్లు తలవైపున నంబరు వేసి ఇచ్చిన ఇరుకు ఇనుపమంచం, ఇరవై ఏడు. దాని మీద ఇంకొకరు కూర్చోవాలన్నా నన్ను అడిగేవారు. పెళ్ళయ్యాక నా మంచం మొదట పురిటికి వచ్చిన మా ఆడబిడ్డకు వెళ్ళింది. తర్వాత తుంటి విరిగిన మా మామగారికి, ఆ తర్వాత ఎంసెట్ చదివే అబ్బాయికి, చివరికి నడుం నొప్పి వచ్చిన మావారికి విడిగా. “కోడలికి మంచమెందుకే? పడుకునే తీరికేదీ?” అనేది మా అత్తగారు, ఏదో నా గౌరవం పెంచుతున్నట్టు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో నేను హాల్లో మడతమంచం మీద పడుకుంటున్నాను. చుట్టాలొస్తే అది కూడా లేస్తుంది.

అందుకని గీకాను. గీకుతూ ఎడమవైపు బల్లను రెండుసార్లు ఎక్కువగా తుడిచానని ఒప్పుకోవాలి.

పడవ మేస్త్రి చాంద్‌బీ అని నా ఈడు మనిషి. తండ్రి సుత్తి, ఉలి చేతికి తీసుకుని ఆ ఒడ్డు మీద నలభై పడవలకు పలకలు బిగించిందని చెప్పుకుంటారు. పలకల మధ్య సందుల్లో పేనిన నూలు కుక్కి, పైన తారు పుయ్యాలంది.

“నూలెందుకూ?” అన్నారు మావారు. “యార్డులో పాత గోనెలు గుట్టలున్నాయి. ఆ పీచు కుక్కు.”

“వద్దయ్యగారూ. మిరపగోనెలవి. ఆ పొడున్నకాడ తారు పట్టదు.”

“నలభై ఏళ్ళు గోనెల మధ్య బతికినవాణ్ణి. గోనె సంగతి నాకు చెబుతావా?”

చాంద్‌బీ నా వంక చూసింది. నేను ఆమె వంక చూశాను. నలభై ఆరేళ్ళ సంసారం ఆ ఒక్క చూపులో ఆమెకు అర్థమైందనుకుంటాను. గోనెపీచే కుక్కింది.

పడవను పరీక్షకని నీళ్ళలోకి దించిన రోజు మధ్యాహ్నం, దర్శి నుంచి మావారి స్నేహితుడు ఆదెయ్య గారు వచ్చారు. రిటైరైన తహసీల్దారు. నేను గది బయట పొయ్యి దగ్గర టీ కాస్తుంటే ఇద్దరూ గదిలోకి వెళ్ళి, తలుపు మూసుకుని, చెరో బల్ల మీదా నడుం వాల్చారు.

“బల్ల బాగా కుదిరింది బావా,” అన్నారు ఆదెయ్య గారు లోపలినుంచి. “చలికాలం దీని మీద మహారాజులా గడిపేస్తా. మరి చెల్లెమ్మ ఎక్కడ పడుకుంటుంది?”

“మధ్యలో చాప వేసుకుంటుందిలే. పొయ్యికి దగ్గర. పొద్దున్నే కాఫీకి ఈజీ.”

నేను గరిట కింద పెట్టాను. ఏమనాలో వ్యాకరణ సహితంగా కూర్చుకుంటూ ఉండగానే లోపల తుమ్ము వినిపించింది. తర్వాత రెండు. తర్వాత లెక్కపెట్టడం నావల్ల కాలేదు. ఎండకు పలకలు వేడెక్కాయి, తలుపు మూసి ఉంది, ఇరవై పంటల మిరపఘాటు నలుమూలల నుంచీ లేచింది. ఇద్దరు పెద్దమనుషులు కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుతుండగా, ఒకరినొకరు తోసుకుంటూ బయటికి వచ్చారు. వాళ్ళ వెనకాలే నీళ్ళు కూడా. తారు ఎక్కడికక్కడ ఊడివచ్చింది.

“చెప్తే విన్నారా?” అంది చాంద్‌బీ ఒడ్డునుంచి, వక్క కొరుకుతూ.

మావారు కళ్ళవాపుతో గుంటూరు వెళ్ళిపోయారు. పడవను ఒడ్డుకు లాగించాం. పదకొండు రోజులు నేను చాంద్‌బీ ఇంట్లో ఉండి, మూతికి తువ్వాలు కట్టుకుని, ప్రతి సందులోంచీ ఆ పీచు కొంకితో పెరికాను. తర్వాత సందుల్లో కుక్కే నూలు కోసం దూది పేనడం మొదలుపెట్టాం. నా చేతివాటం చూసి ఆమె ఆశ్చర్యపోయింది. “ఎక్కడ నేర్చారమ్మగారూ?” మా అత్తగారి లక్షవత్తుల నోముకు లక్ష వత్తులూ చేసింది నేను. పుణ్యం ఆవిడకు, పని నాకు వచ్చాయని చెప్పాను. చాంద్‌బీ నవ్వి, తండ్రి సుత్తి నా చేతికిచ్చి, ఎడమవైపు పలకలన్నీ నాకు వదిలేసింది.

ఆ రోజుల్లోనే మా ఆడబిడ్డ పున్నమ్మ ఫోను చేసి, “అన్నయ్య దగ్గరుండి మరీ పడవ చేయిస్తున్నాడటగా, పాపం!” అని జాలిపడింది.

పడవ మళ్ళీ నీళ్ళలోకి దిగే రోజున మావారు తెల్లటోపీతో వచ్చారు. ఆదెయ్య గారు సూట్‌కేసుతో, తలగడతో వచ్చారు. మావారు ఎక్కుడుపలక మీద కాలు పెట్టబోతుండగా చాంద్‌బీ సుత్తి అడ్డం పెట్టింది.

“ఆగండయ్యగారూ. సందులు కుక్కినోళ్ళే ముందెక్కాల. లోపలంతా చూసి ‘తడి లేదు’ అన్నాకే సొంతదారు ఎక్కేది. మా నాయన కాడినుంచీ అదే పద్ధతి. ముందెక్కి మునిగితే నన్నడగొద్దు.”

“అయితే నువ్వెక్కి చూడు.”

“నేను కుక్కింది ఒకవైపే. రెండోవైపంతా అమ్మగారిది. ఆమె చెప్పాల.”

ఆయన నా వైపు తిరిగారు. “నువ్వా?”

“నేనేనండి.”

“ఎప్పుడు చేశావు?”

“మీరు దగ్గరుండి చేయిస్తున్నప్పుడు.”

చాంద్‌బీ, నేను ఎక్కాం. ఆమె పలక లాగేసి గడకర్రతో ఒక్క తోపు తోసింది. పడవ పది బారల దూరం వెళ్ళి నిలిచింది. నేను గదిలోకి వెళ్ళి ప్రతి సందునూ అరచేత్తో తడిమాను. పొడిగా ఉన్నాయి. ఎడమవైపు బల్ల పక్కన సందు మాత్రం కూర్చుంటే అందలేదు. పడుకుంటేగాని అందదు. దుప్పటి పరిచి పడుకున్నాను. పలకకు అవతల, నా చెవి పక్కనే, ఏటి నీళ్ళు మెల్లగా తట్టి వెళుతున్నాయి.

“ఏమేవ్! తడుందా లేదా?” ఒడ్డునుంచి కేక. “ఎంతసేపు? ఇక్కడ ఆదెయ్య ఎండలో నిలబడ్డాడు!”

చాంద్‌బీ తలుపులోంచి వంగి చూసింది. “అమ్మగారూ, ఏం చెప్పమంటారు?”

నాకు అబద్ధమాడే అలవాటు లేదు. జవాబు చివరిదాకా చదవకుండా ఏ పిల్లకూ మార్కు వేసిన దాన్నీ కాదు.

“ఇంకా చూస్తోందని చెప్పు. చలికాలం వెళ్ళేదాకా చూస్తేగాని ఏ మాటా చెప్పలేనంటోందని చెప్పు,” అన్నాను. “చెప్పేసి వచ్చి, ఆ కుడివైపు బల్ల పక్కన తడుందేమో నువ్వు పడుకుని చూడు.”