కొసలు లేని గుంపు

దైవాధీనానికి కన్ను మూతపడితే చాలు, పరుగు మొదలయ్యేది. కలలో బందరు కాలేజీ మైదానం సముద్రం దాకా సాగిపోయేది. బంతి పట్టుకున్నవాడు ముందు, తను వెనక. గాలి ఉప్పగా ఉండేది, కాళ్ళు నేలకు తగిలేవి కావు. వాడి నడుం చేతికి చిక్కే వేళకు, "నా దిండు వదలవయ్యా!" అని హాస్టల్లో పక్కవాడు కసిరేవాడు.

కాలేజీలో ఆటలు నేర్పే పాత దొర నేర్పిన రగ్బీ అది. ఎనిమిదిమంది తలలు కలిపి అవతలి ఎనిమిదిమందిని తోసే గుంపులో దైవాధీనానిది కొస చోటు. దొర దాన్ని వింగ్ ఫార్వర్డ్ అనేవాడు. బంతి గుంపులోంచి బయటపడీ పడకముందే విడివడి ఉరకాలి, అందుకున్నవాణ్ణి పడగొట్టాలి. ఇదంతా కోడూరులో ఉన్న తండ్రి తోమాసుకు ఎలా చెప్పడం?

"చెడుగుడులో కొసన నిలబడి కాలు పట్టేవాడు ఉంటాడు చూడు, నేను వాణ్ణి నాన్నా" అన్నాడు.

తోమాసు ముఖం విప్పారింది. "అయితే ఒకసారొచ్చి చూడాల్సిందేరా!" కొడుకు చదువు గురించి కూడా ఆయన ఎప్పుడూ అంత మాట అనలేదు. అప్పటినుంచీ దైవాధీనానికి నాన్న ఎదుట ఆడాలన్నదే ధ్యాస.

అంతలో పాత దొర స్వదేశం వెళ్ళిపోయాడు. కొత్తాయన ఇంగ్లండులో లాంకషైర్ మనిషి. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారన్నట్టు, అక్కడి రగ్బీ వేరే తీరట. గుంపు వెనక నిలబడి బంతి అందుకుని ఆట నడిపే, ఇన్నాళ్ళూ ఫ్లై హాఫ్ అయిన యేసుదాసును ఆయన స్టాండాఫ్ అన్నాడు. పేరు మారితేనేం, యేసుదాసు చోటు యేసుదాసుకుంది. దైవాధీనం చోటే ఎగిరిపోయింది. ఆయన లెక్కలో జట్టుకు పదిహేనుమంది కాదు, పదమూడుమందే. గుంపులో ఆరుగురే, రెండు కొసలూ లేవు. దొర మంచివాడే, భుజం తట్టి మరీ పక్కన కూర్చోబెట్టాడు. మంచివాళ్ళు చేసే అన్యాయం ఎవరితో చెప్పుకుంటాం!

పందెం రోజు తోమాసు ఏరు దాటి, బస్సెక్కి, ఉతికిన పంచెతో రానే వచ్చాడు.

"ఇవాళ నేను ఆడట్లేదు నాన్నా."

"ఏం తప్పు చేశావురా?"

"ఏం చెయ్యలేదు. ఈ ఆటలో నా చోటు లేదు."

తోమాసు కొడుకు పక్కనే గడ్డిలో చతికిలబడ్డాడు. ఆట మొదలైంది. ఎండ పచ్చగా కాస్తోంది, దూరాన మైదానం నీళ్ళలా మెరుస్తోంది. చూస్తూ చూస్తూ దైవాధీనం మగతలోకి జారిపోయాడు. కూర్చున్నచోటే కాళ్ళు తేలికయ్యాయి, తనూ అందరితో పరిగెడుతున్నట్టే ఉంది.

అవతల మైదానంలో పడగొట్టినప్పుడల్లా పడ్డవాడు బంతితో లేచి, కాలితో వెనకవాడికి అందిస్తున్నాడు. పడగొట్టినవాళ్ళు మర్యాదగా వదిలేస్తున్నారు. కొత్త ఆటలో పద్ధతే అది. ఆ సంగతి తోమాసుకు తెలియదు. పట్టిన కాలు వదలడమన్నది కోడూరు చెడుగుడులో ఆయన కనీ వినీ ఎరగడు. చాలాసేపు చూసి, చూసి, కొడుకు మోకాలి మీద చెయ్యి వేసి మగతలోంచి లేపాడు.

"చూశావురా అబ్బాయ్? నువ్వు లేకపోబట్టే పడ్డ ప్రతివాడూ లేచి నిలబడుతున్నాడు."

దైవాధీనం పద్ధతి చెప్పబోయి ఆగిపోయాడు. కళ్ళు నిండిపోయాయి.

"అవును నాన్నా" అన్నాడు.