తరగని డబ్బా

చేపల చెరువు గట్టు మీది బల్లపై మేత బకెట్టు దించి మేతాయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. బల్ల కిందినుంచి తుప్పుపట్టిన రేకు డబ్బా తీసి, గుప్పెడు ఎండుచేపల పొడి మేతలో కలిపాడు. అలవాటుగా వాసన చూసి తలాడించాడు. నిజానికి పోయిన చలికాలపు జలుబుతో ఆ ముక్కు పనిచేయడం మానేసింది. వాసన తెలియని మేతగాడంటే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

వయసంతా ఈ గట్టు మీదే గడిచింది. మోకాళ్లు వంకర తిరిగాయి, అరచేతులకు మేత రంగు పట్టేసింది. మీ పక్కన పడుకుంటే వలలో పడుకున్నట్టుందని భార్య బతికున్నన్నాళ్లూ దెప్పేది.

యజమాని మేత మార్చినప్పటి నుంచీ ఆయనకు బెంగ. కొత్త మేతలో చేపల పిండి లేదు. ఈగ పురుగులను పెంచి, ఎండబెట్టి ఆడించిన పిండి, అందులో కాస్త అరుగుదల మందు. చేప వాసన తగలకపోతే చేప నోరెలా తెరుస్తుంది? అందుకే పాత సరుకులోంచి డబ్బాడు పొడి దాచాడు. వాడుతున్నా అది తరగకపోవడం చూసి, తన పొదుపుకు తానే మురిసిపోయేవాడు.

ఇవాళ్టితో పని మానేస్తున్నాడు. ఇన్నాళ్లూ ఆ పురుగులు పెంచే షెడ్డులో పనిచేసిన కోడలు రేపు ఈ బకెట్టు అందుకుంటుంది. చేపలు మేత ముట్టకపోతే మాట ఆమె మీదికే వస్తుంది. ఇల్లు గడిచేది ఇక ఆమె సంపాదనతోనే.

మధ్యాహ్నం కోడలు అన్నం తెచ్చింది. ఆయనకు ముద్ద దిగలేదు.

"అమ్మాయ్, ఒక దొంగపని చేస్తున్నాను. నేను మానేశాక నువ్వూ చెయ్యాలి" అని డబ్బా చూపించాడు.

ఆమె చేతులు తుడుచుకుంది.

"అందులో పొడి వానలకు ముందే అయిపోయింది మామయ్యా. మీరు బెంగపడతారని మా షెడ్డు పిండే తెచ్చి పోస్తున్నాను."

"మరి వాసన..."

"మాడిన కూర మీరు బాగుందని తిన్న రోజే తెలిసింది నాకు."

ఆయన చెరువు వంక చూశాడు. ఇన్ని నెలలూ ఒట్టి పురుగులు తినే ఈ చేపలు ఇంత బలిశాయా! గుండెల మీది బండ దిగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు, మిగిలిన అన్నమంతా తిన్నాడు.

సాయంత్రం బల్ల కిందికి వంగకుండానే ఆఖరి మేత చల్లాడు. చేపలు ఎగబడి నీళ్లు కుతకుతలాడాయి. చేతులు కడుక్కుని, చెప్పులు తొడుక్కుని, కోడలి వెనకే గట్టు దిగి వెళ్లిపోయాడు.

బల్ల కింద రేకు డబ్బా, నిండుగా, మూత బిగించి, ఉన్నచోటే ఉండిపోయింది.